జురాసిక్ పగడపు దిబ్బ నమూనా: నాలుగు పెట్టెల ప్రాజెక్టు డైరీ

గుంటూరులో మా మేడ మీద మూడు నెలలుగా నడుస్తున్న పని ఇది. మా బడి సైన్స్ గదికి సుమారు 16 కోట్ల ఏళ్ళ కిందటి, అంటే జురాసిక్ చివరి భాగం మొదట్లోని ఆక్స్‌ఫర్డియన్ కాలపు పగడపు దిబ్బ నమూనా. దిబ్బ అంతా ఒకే రకం పగడాలతో నిండి ఉండదు. వెలుగు, అల, బురద మారేకొద్దీ పగడాల జాతులూ ఆకారాలూ మారిపోతాయి. పిల్లలకు కంటికి కనపడేలా చూపించాల్సింది ఆ మార్పునే. రెండుసార్లు పడగొట్టి మళ్ళీ కట్టాను కాబట్టి, ఎవరైనా ఇలాంటిది చేయాలనుకుంటే ఆ రెండు తప్పులూ వాళ్ళకు తప్పాలని రాస్తున్నాను.

ముందే ఒక మాట. పోలిక కోసమని బీచ్‌లోనో ఆన్‌లైన్‌లోనో ఎండు పగడాలు కొనకండి. గట్టి పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి, చచ్చిన పెంకు ముక్క కొన్నా నేరమే. ఈ పనిలో అసలు పగడం ఒక్కటీ లేదు. ఉన్నది అరువు తెచ్చుకున్న శిలాజం ముక్క ఒకటే.

దశ 1: కొలత తప్పింది

మొదటి ప్లాను ఆరడుగుల పొడవున ఒకే నమూనా. లోతు వైపు నుంచి ఒడ్డు వైపు దాకా మొత్తం దిబ్బ అడ్డకోత. ఎత్తులో 1 సెం.మీ.కి 1 మీటరు అనుకున్నాను. ప్లైవుడ్ కోయించి తెచ్చాక కాగితం మీద లెక్క వేస్తే తెలిసింది, ఆ కొలతలో 30 సెం.మీ. పగడం 3 మి.మీ. చుక్క అవుతుంది. గుండ్రంగా ఉందో పలకలా ఉందో ఎవరికీ కనపడదు. పగడాన్ని పెద్దది చేస్తే దిబ్బ కొలత అబద్ధం అవుతుంది.

మార్చింది ఇలా:

1. మొత్తం దిబ్బ ఆకారం పైన గోడకు తగిలించే ఒక బొమ్మపట్టీలో మాత్రమే. 180 సెం.మీ. పొడవు, 40 సెం.మీ. ఎత్తు.
2. దాని కింద నాలుగు పెట్టెలు. ఒక్కోటి 45 సెం.మీ. వెడల్పు, 45 ఎత్తు, 25 లోతు, ముందు వైపు తెరిచి.
3. పెట్టెలో ఉన్నదంతా అసలు సైజు. కుదింపు లేదు.
4. ప్రతి పెట్టె నుంచి పట్టీలో దాని చోటుకి ఒక ఎర్ర దారం.

పట్టీ మీద మొదట లోతులు మీటర్లలో వేశాను. కింద పలక పగడాల దగ్గర ఇప్పటి లోతునీటి పగడాలను చూసి ఒక అంకె వేస్తే, రిటైరైన జియాలజీ లెక్చరర్ ఒకాయన, మా అందరికీ మాస్టారు, చూసి "ఏమ్మా, ఈ అంకె ఏ రాయిలో చదివావు?" అన్నారు. రాయిలో చదవలేదు. అంకెలన్నీ చెరిపేసి "వెలుగు తక్కువ, అల తగలదు", "వెలుగు బాగా, అల బలంగా" లాంటి మాటలు రాశాను. రాయి మనకు వరుస చెబుతుంది, వెలుగు ఎటు తగ్గిందో చెబుతుంది. అది చాలు.

ఇప్పటిదాకా: ₹2,390 (ప్లైవుడ్, కోత కూలి, మేకులు, రెండు థర్మాకోల్ షీట్లు). 9 గంటలు.

దశ 2: ఇప్పటి దిబ్బను చూసి కట్టిన మొదటి దిబ్బ

ఇది పెద్ద తప్పు, వివరంగా చెప్పాలి. డాక్యుమెంటరీల్లో చూసిన దిబ్బ మనసులో ఉండిపోయి, అలలు కొట్టే పైగట్టు మీద జింక కొమ్ముల్లాంటి కొమ్మ పగడాలు పెట్టాను, వెనక ప్రశాంతమైన నీళ్ళలో గుండ్రటి బండ పగడాలు. ఇప్పటి దిబ్బల గట్ల మీద కొమ్మలతో వేగంగా పెరిగే అక్రోపొరా డైనోసార్లు పోయాక వచ్చిన జాతి, జురాసిక్‌లో అదెక్కడిది? అప్పట్లో కొమ్మలు గుత్తులుగా పెరిగే కలమోఫిలియాప్సిస్, థెకోస్మిలియా లాంటివి ఎక్కువగా అల తగ్గిన, మెత్తటి మట్టి పేరుకునే చోట్ల పెరిగాయి. అలకు ఎదురు నిలిచినవి బండల్లాంటివీ, మందంగా పరుచుకునేవీ. అంటే నా వరుస దాదాపు తలకిందులు.

మరి సరైన వరుస ఎక్కడ దొరుకుతుంది? స్విట్జర్లాండ్ జురా కొండల్లో. "జురాసిక్" అన్న పేరు వచ్చిందే ఆ కొండల నుంచి. అక్కడ కింద లీస్‌బర్గ్ పొరల్లో సున్నపు బంకమట్టి మధ్య మైక్రోసోలీనా కుటుంబపు పలక పగడాలు ఉంటాయి. పైకి వెళ్ళి సెంట్ ఉర్సాన్ సున్నపురాయిలోకి వచ్చేసరికి బండలూ, కొమ్మ గుత్తులూ. నీళ్ళు లోతు తగ్గుతూ వచ్చాయని ఆ పొరలు చెబుతున్నాయి. ఒకదాని మీద ఒకటి పడ్డ పొరలు ఒకప్పుడు పక్కపక్కన ఉన్న చోట్లవే అని జర్మన్ శాస్త్రవేత్త యోహానెస్ వాల్టర్ 1894లో చెప్పిన సూత్రం పెట్టుకుంటే, ఆ నిలువు వరుసను అడ్డంగా పడుకోబెట్టి నాలుగు పెట్టెలు చేయొచ్చు. మధ్యలో పొర తెగిపోకుండా ఉంటేనే అది చెల్లుతుంది, ఆ సంగతి పెట్టె పక్కన చీటీలో రాశాను.

రెండో తప్పు సామానుది. థర్మాకోల్ మీద నేరుగా స్ప్రే పెయింటు కొట్టాను. పది నిమిషాల్లో గుంటలు పడి కరిగిపోయింది, ఆ పెయింట్లలో ఉండే ద్రావకం థర్మాకోల్‌ను తినేస్తుంది. ముందు ఫెవికాల్‌లో నీళ్ళు కలిపి రెండు పూతలు వేసి ఆరనివ్వాలి, లేదా బ్రష్‌తో వాటర్ కలర్ వేయాలి. పైన వేసిన ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కూడా మూడో రోజుకు వెంట్రుకవాసి బీటలిచ్చింది. అన్నీ సంచిలోకి ఎత్తేశాను.

ఇప్పటిదాకా: ₹2,930. 25 గంటలు. మిగిలిన పగడాలు: 0.

దశ 3: రాయిని చదవడం

మాస్టారి దగ్గర గుజరాత్ కచ్ఛ్‌లోని పచ్ఛం వైపు నుంచి ఎప్పుడో తెచ్చిన పిడికెడు పగడపు శిలాజం ఉంది, సగానికి కోసినది. ఇచ్చేటప్పుడు "అరగదీయి, కానీ కోయకు" అన్నారు. మధ్య జురాసిక్‌ది, అంటే మా నమూనా కాలం కంటే కాస్త పాతది. కచ్ఛ్ పగడాలను బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త జె.డబ్ల్యూ. గ్రెగరీ 1900లోనే వర్ణించి అచ్చు వేశాడు. అక్కడివి యూరప్‌లో ఉన్నంత భారీ దిబ్బలు కావు, ఎక్కువగా పల్చటి పగడపు పొరలు. అందుకే ఈ రాయి నుంచి గూటి (ఒక్కో పగడపు జీవి ఉండే గుంత) సైజు, రేకల (గూటి అంచు నుంచి మధ్యకు సాగే సన్నటి సున్నపు గోడల) లెక్క మాత్రమే తీసుకున్నాను, వరుస తీసుకోలేదు.

చాలామంది అడిగారు, పిడుగురాళ్ళలో అంత సున్నపురాయి ఉండగా కచ్ఛ్ దాకా ఎందుకని. పలనాడు సున్నపురాయి పగడాలు పుట్టకముందుది, ప్రీకేంబ్రియన్. అందులో ఎంత వెతికినా పగడం ఉండదు. జురాసిక్‌లో మన వైపు నేలా నదులూ. గోదావరి లోయలోని కోట శిలల్లో బారపసారస్ అనే డైనోసార్ ఎముకలు దొరికింది అందుకే. సముద్రం ఉన్నది కచ్ఛ్, జైసల్మేర్ల వైపు. అయినా చెయ్యి తిరగడానికి మొదట పలనాడు నాపరాయి ముక్క మీదే అరగదీత నేర్చుకున్నాను. అరువు రాయి మీద నేర్చుకోకూడదు కదా.

అచ్చు తీసిన పద్ధతి:

1. మందపాటి అద్దం ముక్క మీద వాటర్ పేపర్ (తడిపి వాడే గరుకు కాగితం) పరిచి, నీళ్ళు పోస్తూ 220, 400, 600, 1000 నంబర్లు వరుసగా. నంబరు మారినప్పుడల్లా రాయిని శుభ్రంగా కడగాలి. ఒక్క ముతక రేణువు మిగిలినా 1000 మీద గీత పడుతుంది, నాకు రెండుసార్లు పడింది.
2. మామూలు వెనిగర్‌లో 10 నిమిషాలు ముఖం కిందికి ఉంచాలి. తీసి నీళ్ళతో కడిగి, వేలు తగలకుండా ఆరబెట్టాలి.
3. ముఖం మీద అసిటోన్ పోసి, వెంటనే అసిటేట్ షీటు ఒక అంచు నుంచి వాల్చుకుంటూ పరచాలి.
4. ఆరాక నెమ్మదిగా ఒలవాలి. ఒలిచిన షీటు మీద రాయి అచ్చు ఉంటుంది, లెన్సు కింద పెట్టి చదవొచ్చు.

మొదటి నాలుగుసార్లూ అచ్చు రాలేదు, షీటు అంటుకోనే లేదు. తప్పు షీటుది. ఓహెచ్‌పీ షీట్లలో (ప్రొజెక్టర్ మీద పెట్టే పారదర్శక షీట్లు) పాలియెస్టర్‌వి కూడా వస్తాయి, అసిటోన్ వాటిని ఏమీ చేయదు. కొనేముందు ఒక మూల అసిటోన్ చుక్క వేసి చూడండి, మెత్తబడి జిగురు పట్టితే అసిటేట్, చెక్కు చెదరకపోతే పాలియెస్టర్. షీటు మార్చాక ఇంకో రెండు బుడగలతో పాడయ్యాయి, ఎందుకంటే మధ్యాహ్నం గుంటూరు ఎండలో అసిటోన్ పోసీ పోయగానే ఆవిరైపోతోంది. ఉదయం ఆరింటికి చేస్తే మొదటిసారికే శుభ్రంగా వచ్చింది. మేడ మీదే చేయండి, పొయ్యి ఉన్న గదిలో వద్దు, అసిటోన్ భగ్గున అంటుకుంటుంది.

చదివింది: తేనెపట్టులా గూళ్ళు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి, ఇసాస్ట్రియా తరహా. ఒక గీత మీద 12 గూళ్ళు 77 మి.మీ.లో పట్టాయి, అంటే గూటికి 6.4 మి.మీ. స్పష్టంగా ఉన్న ఐదు గూళ్ళలో రేకలు 38 నుంచి 44.

ఇప్పటిదాకా: ₹3,780. 36 గంటలు.

దశ 4: జంతికల గొట్టం

వందల గూళ్ళు చేత్తో చెక్కడం అయ్యే పని కాదు. అమ్మ జంతికలు వేస్తుంటే చూసి గొట్టం తీసుకున్నాను. కాగితం గుజ్జు, సుద్దపొడి, ఫెవికాల్ ముద్ద చేసి నక్షత్రం బిళ్ళలోంచి ఒత్తితే పొడవాటి తాళ్ళు వస్తాయి, కోస్తే ప్రతి ముక్కా ఒక నక్షత్రం. మనకు కావాల్సింది అదే. (వంటింటి గొట్టం వాడకండి. ఆ ముద్ద ఆరితే మళ్ళీ పోదు. అమ్మకు కొత్తది కొనిచ్చాను.)

140 తాళ్ళు ఒత్తాక మాస్టారు వచ్చి ఒకటి చేతిలోకి తీసుకుని, చూపుడు వేలి గోటితో కోణాలు లెక్కపెట్టారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. ఆగి మళ్ళీ లెక్కపెట్టారు. "ఐదమ్మా. ఐదైతే సీ అర్చిన్‌ది. పగడానికి ఆరు." (సీ అర్చిన్ అంటే ముళ్ళబంతిలా ఉండే సముద్రజీవి.) నిజమే, గట్టి పగడాల్లో రేకలు చాలావరకు ఆరు ఆరుగా వస్తాయి. మొదట 6, వాటి మధ్య ఇంకో 6, తర్వాత 12, ఆపైన 24. ఆ 140 తాళ్ళూ పక్కన పెట్టేశాను.

విజయవాడ ఆటోనగర్‌లో లేత్ పని చేసే ఒకాయనతో ఇత్తడి బిళ్ళ చేయించాను. రంధ్రం 6.6 మి.మీ., చుట్టూ సన్న ఆకురాయితో 12 గాట్లు. 6.4 కాకుండా 6.6 ఎందుకంటే ముద్ద ఆరితే కుంచించుకుపోతుంది. 100 మి.మీ. తాడును ఆరబెట్టి వెర్నియర్‌తో కొలిచినవి:

మొదటి ముద్ద (గుజ్జు 3 పాళ్ళు, సుద్ద 2, ఫెవికాల్ 1): 89 మి.మీ.
రెండోది (గుజ్జు 2, సుద్ద 2, ఫెవికాల్ 1, గుజ్జు గుడ్డలో పిండి): 94 మి.మీ.
మూడోది (గుజ్జు 2, సుద్ద 3, ఫెవికాల్ 1, గట్టిగా పిండి): 97 మి.మీ.

మూడోదే ఖాయం చేశాను. 6.6లో 3 శాతం పోతే 6.4.

తాళ్ళన్నీ కట్టగా చేర్చి ఒత్తితే గుండ్రటివి కాస్తా ఐదారు పలకల గూళ్ళు అయ్యాయి, రాయిలో ఉన్నట్టే. అయితే ఒత్తిడికి గాట్లు మూసుకుపోయి లోపలి నక్షత్రం మాయమైంది. అడ్డంగా కోస్తే తెల్లటి ముద్ద, ఇంకేమీ లేదు. రెండు రోజులు దీనితోనే పోయాయి. చివరికి పనిచేసింది ఇది: ఒత్తిన తాడు తడిగా ఉండగానే బొగ్గుపొడి కలిపిన నీళ్ళను బ్రష్‌తో గాట్లలోకి పోనిచ్చి, పైన అంటింది తడిగుడ్డతో తుడిచి, అప్పుడు కట్ట కట్టడం. కట్టను పాత సైకిల్ ట్యూబులో చుట్టి బిగించి, గంట ఆగి, సబ్బు కోసినట్టు దారంతో 8 మి.మీ. బిళ్ళలుగా కోశాను. దారం అవతలికి రాగానే బిళ్ళ పక్కకు ఒరిగింది, ముఖం మీద ముప్పై నలభై గూళ్ళు, ప్రతి గూట్లో పన్నెండు తెల్ల కిరణాలు, మధ్యలో సన్నని నల్ల గీతలు. రాయి పక్కన పెట్టి లెన్సుతో చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

40 రేకలు రావాలంటే మిగతావి సూదితో గీయాలి. ఒక్కో గూటికి 4 నిమిషాలు పట్టింది. అందుకే బండ నడినెత్తిన కనపడే 10 గూళ్ళకే గీశాను, మిగతావి 12 దగ్గర వదిలేశాను. చీటీలో ఆ మాట రాశాను.

ఇప్పటిదాకా: ₹5,500. 58 గంటలు.

దశ 5: పెట్టెలు నింపడం

పెట్టె 1, వెలుగు తక్కువ చోటు. మైక్రోసోలీనా పలకలు 9. విస్తరాకులా పల్చగా పరుచుకోవడం అరకొర వెలుగును పట్టుకోవడానికి. వీటి రేకలకు సన్నటి రంధ్రాలుంటాయి, నీళ్ళలో కొట్టుకొచ్చే ఆహారపు రేణువులను పట్టడానికి కూడా ఆ నిర్మాణం పనికొచ్చిందని చెబుతారు. స్టీల్ పళ్ళెం బోర్లించి దాని మీద 12 మి.మీ. మందాన పరిచి, పైన దోమల మెష్ ఒత్తాను. ఎండలో పెడితే అంచులు 14 మి.మీ. పైకి లేచాయి. నీడలో, పేపర్ల మధ్య, పైన బరువు పెట్టి, పన్నెండు గంటలకోసారి తిప్పుతూ ఆరబెడితే 2 మి.మీ. దాటలేదు. పలక కింద నీడలో చిన్న చిన్న బ్రాకియోపాడ్లు (రెండు పెంకుల సముద్రజీవులు), పురుగుల సున్నపు గొట్టాలు అంటుకుని బతికేవి. అవి కనపడాలని ఒక పలక కింద ముఖం చూసుకునే అద్దం పెట్టాను. పిల్లలందరూ మొదట వంగి చూసేది దాన్నే.

పెట్టె 2, వెలుగు బాగా ఉండి అల మరీ కొట్టని చోటు. బండలు 7, నాలుగు ఇసాస్ట్రియా, మూడు థామ్నాస్టీరియా. బిళ్ళలను బుర్ర ఆకారం మీద పరిస్తే అంచులు చీలాయి, బత్తాయి తొక్కలా తొనలుగా కోసి అతికితే కుదిరింది. థామ్నాస్టీరియాకు గొట్టం పనికిరాదు. దాని గూళ్ళ మధ్య గోడలే ఉండవు, ఒక కేంద్రం నుంచి బయల్దేరిన రేకలు ఆగకుండా పక్క కేంద్రంలోకి పోతాయి. గుండుసూదితో 3 మి.మీ.కి ఒక చుక్క పెట్టి, గట్టి టూత్‌బ్రష్‌తో చుక్క నుంచి చుక్కకు లాగాను.

పెట్టె 3, పైగట్టు. పగడాలు 6 మాత్రమే, మందంగా, పొట్టిగా. మిగతాదంతా పగడపు తునకలు, గవ్వల ముక్కలు, సీ అర్చిన్ ముళ్ళు. ఇలా వదలడానికి నాకే ధైర్యం చాలలేదు, ఖాళీగా ఉంది, ఇంకో పది పెట్టమని చూసినవాళ్ళంతా అన్నారు. కానీ జురాసిక్ దిబ్బల్లో తునకల వాటా చాలా ఎక్కువ. ఇప్పటి దిబ్బలను సిమెంటులా పట్టి ఉంచే ఎర్ర సున్నపు నాచు అప్పట్లో ఆ స్థాయిలో లేదు, సూక్ష్మజీవుల పొరలే చాలా చోట్ల పట్టి ఉంచాయి. ఆ పొరను ముదురు బూడిద రంగు ముద్దతో తునకల మీద పూశాను. బండల్లో 6 మి.మీ. డ్రిల్ బిట్‌తో రంధ్రాలు వేసి లోపల బుడ్డిలా వెడల్పు చేశాను, అవి రాయిని తొలిచే ఆల్చిప్పల ఇళ్ళు. నా పాత 140 తాళ్ళు ఇక్కడ కూడా వాడలేదు. తునకే అయినా ఐదు కోణాలుంటే తప్పే.

పెట్టె 4, గట్టు వెనక ప్రశాంతమైన చోటు. కలమోఫిలియాప్సిస్ గుత్తులు 2, కొమ్మలు 64. లోపల బైండింగ్ వైరు పెట్టాను. ముద్దలోని తడికి వైరు తుప్పు పట్టి నాలుగో రోజుకు గోధుమ మరకలు బయటికొచ్చాయి. తీసేసి కొబ్బరి చీపురు పుల్లలు పెట్టాను, మరకా లేదు, ఖర్చూ లేదు.

30 సెం.మీ. పొడవు కొమ్మలన్నీ పొదలా పైకి నిలబెట్టి సంబరపడ్డాను. ఇదే రెండో పడగొట్టుడు. దిబ్బ ఏ తీరున పెరిగిందో రాయిలో చూసి విడదీసే పద్ధతిని ఇన్సలాకో అనే శాస్త్రవేత్త 1998లో ఇచ్చాడు. కొన్ని పగడాలు నేల కంటే బాగా పైకి లేస్తాయి, కొన్ని మట్టి పేరుకునే వేగంతో సమానంగా పెరుగుతూ తల మాత్రం పైన ఉంచుకుంటాయి. ఈ గుత్తులు ఎక్కువగా రెండో రకం. కొమ్మల మధ్య మట్టి నిండుతుంటే కింద చచ్చిపోతూ, పైన కొద్దిపాటి భాగమే బతికి ఉంటుంది. 30 సెం.మీ. రాతిలో కనపడినా ఏ రోజూ అంత ఎత్తు నీళ్ళలో నిలబడి లేదన్నమాట. కాబట్టి గుత్తులు తీసి, అవే కొమ్మలను మళ్ళీ నిలబెట్టి, పెట్టె ముందు గాజు అద్దం బిగించి, సుద్ద బురదను పొరలు పొరలుగా మధ్యలో పోశాను, పైన 5 సెం.మీ. మాత్రం వదిలి. అద్దంలోంచి పూడిన కొమ్మలు కనపడతాయి, పైనుంచి చూస్తే పొట్టి పచ్చికలా ఉంటుంది. ఒకేసారి 10 సెం.మీ. పోస్తే బరువుకు కొమ్మలు ఒరిగాయి. 3 సెం.మీ. చొప్పున, ఒక్కో పొరకు రెండు రోజులు ఆగి పోయాలి.

ఇప్పటిదాకా: ₹6,050. 89 గంటలు. పగడాలు: 9 + 7 + 6 + 2 = 24.

దశ 6: రంగు

తక్కువే చెబుతాను. శిలాజానికి బతికున్నప్పటి రంగు మిగలదు, అందుకని గులాబీ, ఊదా రంగుల జోలికి పోలేదు. బతికున్న భాగానికి ఒకే లేత గోధుమ, చచ్చిన భాగానికి సున్నపు తెలుపు, మట్టికి బూడిద. మూడే రంగులు, పిల్లలు చెయ్యి పెట్టి "ఇది బతికింది, ఇది పూడింది" అని చెప్పడానికి సరిపోయాయి. వార్నిష్ ఒక పూత వేస్తే పలకల మీద మెష్ గుర్తులు మూసుకుపోయాయి, ఒక పలక మళ్ళీ చేశాను. వార్నిష్ వద్దు.

ఇప్పటిదాకా: ₹6,430. 97 గంటలు.

మిగిలిన పని: నాలుగో పెట్టెలో చివరి పొర ఆరాక స్కేలు పెట్టి చూశాను. 64 కొమ్మల్లో 61 సరిగ్గా 5 సెం.మీ. దగ్గర ఉన్నాయి. ఎడమ మూలలో మూడు 9 సెం.మీ. దాకా తేలి ఉన్నాయి, అక్కడ మట్టి కిందికి కుంగింది. వాటి చుట్టూ అట్టముక్క అడ్డం పెట్టి 3 సెం.మీ. ఒకసారి, రెండు రోజులాగి 1 సెం.మీ. ఇంకోసారి పోయాలి.